వెన్నుపాములో బద్దెపురుగు తిత్తి: మందులతో మొదలుపెట్టాలా, శస్త్రచికిత్సకు వెళ్ళాలా?

ప్రశ్న అడిగినవారు: మున్నేటి ఒడ్డు

సభ్యులందరికీ నమస్కారం. మా అక్క ఆరోగ్యం గురించి అడుగుతున్నాను. ఆమె వయసు 38 సంవత్సరాలు. ఖమ్మం జిల్లాలోని ఒక మండల కేంద్రంలో ఉపాధ్యాయురాలిగా పనిచేస్తోంది. నాలుగు నెలల కిందట ఆమెకు బొడ్డుకు కాస్త పైన, ఒంటి చుట్టూ పటకా బిగించినట్టు పట్టేయడం మొదలైంది. గ్యాసు అనుకొని నెల రోజులు దానికే మందులు వాడాము. ఆ తరువాత నడుస్తూ ఉండగా ఎడమ కాలి చెప్పు జారిపోయినా ఆమెకు తెలిసేది కాదు. నాలుగడుగులు వేశాక పక్కవాళ్ళు చెబితే వెనక్కి వచ్చి తొడుక్కునేది. మొదట చూపించిన ఆసుపత్రిలో నడుము భాగానికి మాత్రమే ఎమ్మారై తీసి, డిస్కు కొద్దిగా జారిందని చెప్పి, ఆరు వారాలు ట్రాక్షనుతోనూ నొప్పి మాత్రలతోనూ గడిపారు. ఆ ఆరు వారాల్లో కుడి కాలు కూడా బిగుసుకుపోయింది. ఇప్పుడు గోడ పట్టుకొని నడుస్తోంది. మూత్రానికి వెళితే చాలాసేపు కూర్చుంటే తప్ప రావడం లేదు.

పది రోజుల కిందట వేరే ఆసుపత్రిలో వెన్నెముక మొత్తానికి ఎమ్మారై తీశారు. ఛాతీ భాగంలోని 7, 8 వెన్నుపూసల ఎదురుగా, వెన్నుపాము లోపలే 9 మిల్లీమీటర్ల తిత్తి ఉందనీ, తిత్తిలో ఒక పక్కగా చిన్న చుక్క కనిపిస్తోందనీ, కాంట్రాస్టు ఎక్కించాక తిత్తి అంచు ఉంగరంలా మెరిసిందనీ, చుట్టూ వాపు ఉందనీ రిపోర్టులో రాశారు. సిస్టిసెర్కోసిస్ (బద్దెపురుగు తిత్తుల జబ్బు) కావచ్చు, క్షయ గడ్డ కావచ్చు, కణితి కూడా కావచ్చు అని చివర ఉంది. రక్తపరీక్షలో సిస్టిసెర్కోసిస్ లేదని వచ్చింది. ఒక శస్త్రవైద్యుడు ఆలస్యం చేయకుండా తీసివేయడం మంచిదన్నారు. ఒక న్యూరాలజిస్టు ముందు మందులతో చూద్దామన్నారు. ఇద్దరూ అనుభవజ్ఞులే కాబట్టి ఎటు మొగ్గాలో మాకు తెలియడం లేదు.

మరో సంగతి కూడా ఉంది. మా ఇంట్లో తరతరాలుగా మాంసం ముట్టరు. ఇది పంది మాంసం తినేవాళ్ళకు వచ్చే జబ్బని ఎవరో చెప్పినప్పటి నుంచి మా అమ్మ కుమిలిపోతోంది. రిపోర్టే తప్పని మా బాబాయి అంటున్నారు. మా బంధువు ఒకరైతే, ఇది నులిపురుగుల మందుతో పోయేదే కదా, ఆల్బెండజోల్ కొని ఈ రాత్రే మొదలుపెట్టండి అంటున్నారు. అక్కకు ఇద్దరు చిన్నపిల్లలు. వాళ్ళకు ఏమైనా ప్రమాదమా? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

సమాధానం 1: నాడీపథం (న్యూరాలజిస్టు)

నమస్కారమండీ. మిగతా విషయాలకు ముందు మీ చివరి ప్రశ్నకు జవాబు చెబుతాను. ఆల్బెండజోల్ కొని ఇంట్లో మొదలుపెట్టవద్దు. మందు సరైనదే కావచ్చు, కాని అది ఏ వరుసలో ఇస్తున్నామన్నదాని మీద మీ అక్కగారి కాళ్ళు ఆధారపడి ఉన్నాయి. బద్దెపురుగు లార్వా బతికి ఉన్నంతకాలం తన చుట్టూ ఉన్న శరీర రక్షణ వ్యవస్థను మభ్యపెట్టి అణిగి ఉంటుంది. అది చావడం మొదలైనప్పుడు లోపలి పదార్థం బయటికి ఊరి, దాని మీదికి రక్షణ కణాలు ఎగబడి, చుట్టూ వాపు వస్తుంది. మెదడులో అయితే ఆ వాపు సర్దుకోవడానికి కొంత చోటు దొరుకుతుంది. ఛాతీ భాగంలో వెన్నుపాము చిటికెన వేలంత మందంతో ఇరుకైన ఎముక గొట్టంలో ఉంటుంది కాబట్టి, అక్కడ కొద్దిపాటి వాపు పెరిగినా ఈ రోజు గోడ పట్టుకొని నడుస్తున్న మనిషి రేపు మంచం దిగలేకపోవచ్చు. అందుకే ముందు వాపును అణిచే స్టెరాయిడుతో వెన్నుపామును కాపాడుకొని, ఆ తరువాతే పురుగును చంపే మందు ఇస్తారు.

స్టెరాయిడు, ఆల్బెండజోల్ మొదలుపెట్టే ముందు చేయవలసినవి కొన్ని ఉన్నాయి. కంటి వైద్యులు కనుపాప పెద్దది చేసి లోపలి పొరను చూడాలి, ఎందుకంటే కంటిలో కూడా తిత్తి ఉంటే మందు దాన్ని చంపినప్పుడు వచ్చే వాపుతో చూపు పోయే ప్రమాదం ఉంది. మెదడుకు ఎమ్మారైతో పాటు సాదా సీటీ కూడా తీయించండి. పాతబడి సున్నపు మచ్చలుగా మిగిలిన తిత్తులు ఎమ్మారైలో కనిపించక సీటీలో కనిపించడం మామూలు. అవి కనిపిస్తే రోగనిర్ధారణకు బలం వస్తుంది, చెప్పుకోదగినన్ని బతికి ఉన్న తిత్తులు మెదడులో కనిపిస్తే చికిత్స పథకమే మారుతుంది. స్టెరాయిడు ఎక్కువ రోజులు వాడవలసి రావచ్చు కనుక చక్కెర, క్షయ పరీక్షలతో పాటు, మన వాతావరణంలో పేగుల్లో దాగి ఉండే స్ట్రాంగిలాయిడిస్ అనే పురుగు సంగతి కూడా చూసుకోవాలి. స్టెరాయిడు మీద అది విజృంభిస్తుంది, దానికి ఐవర్‌మెక్టిన్ మందు వేరుగా ఉంది. మీ అక్కగారి వయసును బట్టి గర్భం లేదని కూడా నిర్ధారించుకోవాలి. ఇవన్నీ రెండు మూడు రోజుల్లో అయ్యే పనులే.

ఇక రోగనిర్ధారణ. చెప్పు జారిన సంగతి మీరు రాయడం మంచిదయింది. మన ప్రాంతంలో నాడీ వైద్యులందరూ అడిగే ప్రశ్న అదే. చెప్పు జారుతోందని తెలిసి కూడా వేళ్ళతో పట్టి ఉంచలేకపోతే అది కండరాల బలహీనత; జారిన సంగతే తెలియకపోతే స్పర్శ తగ్గిందని అర్థం. పెద్దవారిలో వెన్నుపాము నడుము మొదటి పూస దగ్గరే ముగిసిపోతుంది కాబట్టి, అంతకన్నా కింద జారిన డిస్కు వల్ల కాళ్ళు వదులు కావచ్చునేమో గాని బిగుసుకోవు. ఒంటి చుట్టూ పటకా బిగించినట్టు ఉండడం, కాళ్ళు బిగుసుకోవడం, మూత్రం తటపటాయించడం, ఈ మూడూ కలిసి ఉన్నప్పుడు నడుముకు పైన వెతకాలి. వెన్నుపాములోని నాడీ భాగాలు అదే అంకె గల వెన్నుపూస కన్నా కొంత పైన ఉంటాయి. 7, 8 పూసల ఎదురుగా ఉన్న తిత్తికి బొడ్డు దగ్గర పట్టేసినట్టు అనిపించడం అందుకే చక్కగా సరిపోతుంది. మొదటి ఆసుపత్రిలో జరిగిన ఆలస్యం చాలా బాధాకరమైనది, కాని ఇప్పుడు దాని వెంట పడి సమయం పోగొట్టుకోవద్దు.

తిత్తిలో పక్కగా కనిపించిన చుక్క పురుగు తల. అది స్పష్టంగా ఉంటే సిస్టిసెర్కోసిస్ అని చెప్పడానికి ఇమేజింగులో అంతకన్నా బలమైన సాక్ష్యం లేదు. రక్తపరీక్షలో లేదని వచ్చిందని దాన్ని కొట్టివేయలేము. ఈ జబ్బుకు మంచి రక్తపరీక్షగా పేరున్న ఇమ్యునోబ్లాట్ కూడా ఒకే ఒక తిత్తి ఉన్నవారిలో చాలాసార్లు ఏమీ చూపించదు; మామూలు ఎలైజా కిట్లు ఇటు లేనిది ఉందనీ, అటు ఉన్నది లేదనీ చెప్పగలవు. రక్తంలో ఇసినోఫిల్స్ (పురుగులు సోకినప్పుడు పెరిగే ఒక రకం తెల్లకణాలు) పెరగలేదన్నది కూడా లెక్కలోకి రాదు. నడుము నుంచి నీరు తీసి పరీక్షించాలని ఎవరైనా అంటే, వాపు వల్ల వెన్నుపాము చుట్టూ నీటి దారి మూసుకుపోయి ఉన్నదా లేదా అని ఎమ్మారై చూసి నిర్ణయించమని అడగండి. దారి మూసుకుపోయినచోట కింది నుంచి నీరు తీస్తే కాళ్ళ పరిస్థితి ఒక్కసారిగా దిగజారవచ్చు.

మన దేశంలో దీనికి ప్రధాన అనుమానం క్షయ గడ్డ. మెదడు విషయంలో ఈ రెండింటినీ వేరు చేయడానికి వేలూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వైద్యులు 1993లో కొన్ని గుర్తులు ప్రచురించారు: గడ్డ 20 మిల్లీమీటర్ల కన్నా చిన్నదిగా, అంచు నున్నగా ఉండి, కాళ్ళూచేతుల బలహీనత పెరుగుతూ ఉండకపోతే అది సిస్టిసెర్కోసిస్ వైపు మొగ్గుతుంది. వెన్నుపాముకు ఆ కొలతలను యథాతథంగా వర్తింపజేయలేము, ఎందుకంటే ఇక్కడ చిన్న తిత్తి కూడా బలహీనత తెస్తుంది. అయినా నీటితో నిండిన తిత్తిలో చుక్క ఉండడం క్షయకు సహజం కాదు. ఛాతీ ఎక్స్‌రే, మెదడు స్కానింగులలో క్షయ జాడ లేకపోతే, అనుమానం మీద క్షయ మందులు కూడా కలిపి మొదలుపెట్టడాన్ని నేను సమర్థించను. రెండు రకాల మందులూ, స్టెరాయిడూ కలిసి ఇస్తే తరువాత ఏ మందుకు ఏది తగ్గిందో ఎవరూ చెప్పలేరు.

మందులా, శస్త్రచికిత్సా? వెన్నుపాములో ఈ జబ్బు అరుదు. నాడీ వ్యవస్థకు సోకిన సిస్టిసెర్కోసిస్ మొత్తంలో వెన్నుపాము వాటా వందకు ఐదు దాటడం తక్కువ. అందువల్ల రెండు మార్గాలనూ ఎదురెదురుగా పెట్టి పోల్చిన పెద్ద అధ్యయనాలు లేవు. అమెరికా అంటువ్యాధుల వైద్య సంఘమూ ఉష్ణమండల వైద్య సంఘమూ కలిసి 2018లో ప్రచురించిన మార్గదర్శకాలు కూడా వెన్నుపాము పని దెబ్బతిన్నప్పుడు స్టెరాయిడు ఇవ్వమని చెప్పి, మందులతో వెళ్ళాలా శస్త్రచికిత్సకు వెళ్ళాలా అన్నది రోగి లక్షణాలను, తిత్తి ఉన్న చోటును, వైద్య బృందం అనుభవాన్ని బట్టి తేల్చుకోవాలనే అంటాయి. మీకు ఇద్దరు వైద్యులు రెండు మాటలు చెప్పడానికి కారణం ఇదే. వారిలో ఒకరు పొరబడ్డారని కాదు.

నా అభిప్రాయం అడిగితే ఇలా చెబుతాను. చుక్క స్పష్టంగా ఉండి, బలహీనత నెమ్మదిగా నడుస్తూ ఉంటే, ఆసుపత్రిలో చేర్చి స్టెరాయిడు మొదలుపెట్టి, తరువాత ఆల్బెండజోల్ ఇస్తూ రోజూ కాళ్ళ బలాన్ని కొలవవచ్చు. రోజురోజుకూ బలం తగ్గుతున్నా, మూత్రం పూర్తిగా ఆగిపోయినా, చుక్క విషయంలో అనుమానం ఉన్నా, మందుల మీద ఉండగానే దిగజారినా శస్త్రచికిత్సే దారి. మీ అక్కగారు ఈ రెండింటికీ మధ్య అంచు మీద ఉన్నారు, ఎందుకంటే మూత్రాశయం మీద ప్రభావం కనిపిస్తోంది. కాబట్టి ఏ రాత్రికైనా వెన్నుపాము శస్త్రచికిత్స చేయగల చోటనే మందులు మొదలుపెట్టించండి. న్యూరాలజిస్టూ శస్త్రవైద్యుడూ ఒకే చోట కూర్చొని ఒకే ఎమ్మారై చూస్తే, వారి మధ్య మీకు కనిపిస్తున్న దూరం చాలావరకు తగ్గిపోతుంది.

మోతాదు మీరు ఇవ్వడానికి కాదు, చీటీ చదువుకోవడానికి చెబుతున్నాను: ఆల్బెండజోల్ కిలో బరువుకు రోజుకు 15 మిల్లీగ్రాములు, రెండు పూటలుగా, 55 కిలోల మనిషికి అది ఇంచుమించు పూటకు 400 మిల్లీగ్రాములు. ఖాళీ కడుపున కాకుండా నెయ్యో నూనో ఉన్న భోజనంతో వేసుకుంటే ఒంటికి ఐదు రెట్ల దాకా ఎక్కువగా అందుతుంది. కాలేయ పరీక్షలూ రక్తకణాల లెక్కా మధ్యమధ్యలో చూస్తూ ఉండాలి.

ఇక మీ అమ్మగారికి ఈ మాట తప్పక చెప్పండి. పంది మాంసం సరిగా ఉడకకుండా తిన్నవారికి పేగుల్లో బద్దెపురుగు పెరుగుతుంది. తిత్తుల జబ్బు రావడానికి కారణం ఆ మాంసం కాదు. పేగుల్లో పురుగు ఉన్న మనిషి మలంతో బయటికి వచ్చిన గుడ్లు నీటి ద్వారానో, పచ్చి కూరగాయల ద్వారానో, కడగని చేతుల ద్వారానో మరొకరి కడుపులోకి వెళ్ళినప్పుడు తిత్తులు ఏర్పడతాయి. గుడ్లకు శాకాహారి, మాంసాహారి అన్న తేడా లేదు. న్యూయార్కులో పంది మాంసాన్ని మతరీత్యా పూర్తిగా నిషేధించుకున్న సనాతన యూదు కుటుంబాల్లో నలుగురికి మెదడులో ఇవే తిత్తులు వచ్చాయని 1992లో వైద్యపత్రికల్లో వచ్చింది. ఇంట్లో వంటపనికి కుదిరినవారి పేగుల్లో ఉన్న పురుగు నుంచే అవి సోకి ఉండవచ్చని తేల్చారు. మీ ఇంటి ఆచారంలో ఏ లోపమూ జరగలేదు.

సమాధానం 2: మళ్ళీ నడక

పై వైద్యుల వంటి జ్ఞానం నాకు లేదు, కాని ఇదే జబ్బుతో తొమ్మిదేళ్ళ కిందట శస్త్రచికిత్స చేయించుకున్న మనిషిని. నాది కూడా వెన్నుపాము లోపలి తిత్తే. మొదట మందులే ఇచ్చారు. స్టెరాయిడు వేసిన రెండో రోజుకే కాళ్ళు తేలికపడ్డాయి. పదో రోజున ఇంటికి పంపారు. అక్కడ జరిగిన పొరపాటు మీకు జరగకూడదని రాస్తున్నాను. స్టెరాయిడు ఏ రోజు ఎంత తగ్గించాలో చీటీలో స్పష్టంగా రాయలేదు, మాత్రలు అయిపోయాయి, మళ్ళీ కొనలేదు. ఒక్కసారిగా ఆగిపోయిన నాలుగో రోజున కుడి కాలు పూర్తిగా చచ్చుబడింది. ఆ రాత్రే వేరే చోటికి తీసుకువెళ్ళి మరునాడు తిత్తి తీసివేశారు. తీసినది పరీక్షకు పంపితే సిస్టిసెర్కోసిస్ అనే తేలింది.

ఇప్పుడు నేను కర్ర లేకుండా నడుస్తున్నాను, మెట్లు ఎక్కేటప్పుడు మాత్రం పట్టుకుంటాను. అంత దూరం రావడానికి ఏడాదిన్నర పట్టింది. ఆ ఏడాదిన్నరలో నన్ను ఎక్కువగా వేధించింది కాళ్ళు కాదు, మూత్రం. సగం సంచిలోనే మిగిలిపోయి తరచూ చీము పట్టి జ్వరం వచ్చేది. రోజుకు నాలుగుసార్లు శుభ్రమైన సన్న గొట్టంతో నేనే తీసుకోవడం ఒక నర్సమ్మ నేర్పించారు. మొదట ఎంత సిగ్గుపడ్డానో, వారం తిరగకముందే అంత ధైర్యం వచ్చింది. మీ అక్కగారికి కూడా మూత్రం పోసిన తరువాత సంచిలో ఎంత మిగులుతోందో అల్ట్రాసౌండులో చూడమని అడగండి. ఆడవాళ్ళు ఈ సంగతి వైద్యుడి ముందు చెప్పడానికి మొహమాటపడతారు, మీరే దగ్గర కూర్చొని చెప్పించండి. కాళ్ళకు స్పర్శ తక్కువ కాబట్టి వేడినీళ్ళ సంచి పెట్టవద్దు. నాకు తెలియకుండానే పిక్క మీద బొబ్బలెక్కింది. మంచం మీద ఉన్నన్ని రోజులూ రెండు గంటలకొకసారి పక్కకు తిప్పండి. స్టెరాయిడు మీద ఉన్నప్పుడు నిద్ర పట్టదు, కోపం వస్తుంది, ఆకలి పెరుగుతుంది. ఇంట్లోవాళ్ళు దాన్ని మనిషి స్వభావం మారిందని అనుకోకూడదు.

సమాధానం 3: గోకులం (పశువైద్యుడు)

మనుషుల చికిత్స గురించి నేను మాట్లాడను గాని, ఈ పురుగుకు మరో సగం జీవితం పందిలో గడుస్తుంది కాబట్టి రెండు మాటలు చెబుతాను. మనిషి మలం ఆరుబయట ఉన్నచోట పంది దాన్ని తిని, ఆ గుడ్ల వల్ల దాని కండల్లో మెతుకులంత తెల్లని తిత్తులు ఏర్పడతాయి. ఆ మాంసం పూర్తిగా ఉడకకుండా తిన్న మనిషి పేగుల్లో అదే బద్దెపురుగు అవుతుంది. మీటర్ల పొడవు పెరిగి, వేల గుడ్లతో నిండిన తునకలను మలంతో విడిచిపెడుతుంది. మాంసంలోని తిత్తి పేగుల్లో పురుగుగానే మారుతుందని 1855లో కూఖెన్‌మీస్టర్ అనే జర్మన్ వైద్యుడు మరణశిక్ష పడిన ఖైదీకి ఆ తిత్తులు తినిపించి నిరూపించాడు. నేడు ఏ విధంగానూ ఒప్పుకోలేని ప్రయోగం అది, కాని నాడీపథం గారు చెప్పిన తేడా అప్పటినుంచే తెలుసు. తిన్న మాంసం పురుగునిస్తుంది, మింగిన గుడ్డు తిత్తినిస్తుంది. నూట డెబ్బయి ఏళ్ళ తరువాత కూడా ఒక శాకాహారి తల్లి తన వంటింటిని అనుమానించుకోవలసి రావడం నాకు చాలా బాధ కలిగించింది.

పందులకు వేసే టీకా ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఈ టీకాను హైదరాబాదులోని ఇండియన్ ఇమ్యునలాజికల్స్ సంస్థ తయారుచేస్తోంది. దానితో పాటు ఆక్స్‌ఫెండజోల్ మందును పంది బరువులో కిలోకు 30 మిల్లీగ్రాముల చొప్పున ఒక్క మోతాదు ఇస్తే కండల్లోని తిత్తులు చస్తాయి. మన దగ్గరే తయారయ్యే టీకా మన ఊరి పందుల దాకా చేరవలసిన అవసరం ఎంతో ఉంది.

మరో విషయం: మా రాయలసీమలో వెన్నెముకలో పురుగు తిత్తి అనగానే చాలామంది హైడాటిడ్ అనుకుంటారు. అది వేరే పురుగు, కుక్క పేగుల్లో ఉంటుంది. గొర్రెల కళేబరాల్లోని కాలేయం, ఊపిరితిత్తులు కుక్కలకు వేసేచోట దాని చక్రం తిరుగుతుంది. మనిషిలో ఎక్కువగా కాలేయంలోనూ ఊపిరితిత్తుల్లోనూ తిత్తులు కడుతుంది. ఎముకకు సోకడం తక్కువ, సోకితే అందులో దాదాపు సగం వెన్నెముకలోనే. అక్కడ అది మొదట వెన్నుపూసలను తొలిచి, తరువాత వెన్నుపామును బయటినుంచి నొక్కుతుంది. ఎముకలో దానికి చుట్టూ గట్టి పొర ఏర్పడదు కనుక ద్రాక్షగుత్తిలా పాకుతుంది, తీసిన తరువాత మళ్ళీ మళ్ళీ వస్తుంది. నెలల తరబడి ఆల్బెండజోల్ వాడవలసి వస్తుంది. అలాంటి తిత్తిని క్షయ చీము అనుకొని సూదితో గుచ్చితే లోపలి నీరు ఒలికి ప్రాణాపాయం కూడా కలగవచ్చు. మీ అక్కగారి రిపోర్టులో తిత్తి వెన్నుపాము లోపలే ఉందని, పూసలు బాగున్నాయని ఉంటే ఆ భయం అక్కరలేదు.

ప్రశ్న అడిగినవారు: మున్నేటి ఒడ్డు

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. పూసలన్నీ బాగున్నాయనే రిపోర్టులో ఉంది. నాడీపథం గారి సమాధానాన్ని మా అమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. న్యూయార్కు యూదుల సంగతి విన్న తరువాత ఆమె మొదటిసారిగా కుదురుగా అన్నం తిన్నది. నిన్న అక్కను హైదరాబాదు తీసుకువచ్చి, రెండు విభాగాలూ ఉన్న ఆసుపత్రిలో చేర్చాము. తల సీటీలో రెండు సున్నపు మచ్చలు కనిపించాయి, బతికి ఉన్న తిత్తులు లేవు. కంటి పరీక్ష అయింది, ఏమీ లేదు. సాయంత్రం డెక్సామెథసోన్ అనే స్టెరాయిడు మొదలుపెట్టారు.

ఇంకో సందేహం. గుడ్లు ఎవరినుంచి వచ్చాయో తెలుసుకోవడం ఎలా? అక్క వాళ్ళ ఇంట్లో ఆరేళ్ళుగా ఒక ఆవిడ వంటలో సాయం చేస్తున్నారు. మా బాబాయి ఆమెను మానిపించమంటున్నారు. నాకు అది న్యాయంగా అనిపించడం లేదు. పిల్లలకు నులిపురుగుల మాత్ర ఇచ్చేస్తే సరిపోతుందా?

సమాధానం 4: నాడీపథం (న్యూరాలజిస్టు)

మీకు అనిపించినదే సరైనది. ఆమెను మానిపించడం అన్యాయమే కాదు, దానివల్ల వైద్యపరంగా ప్రయోజనం కూడా లేదు. తిత్తి ఏర్పడి లక్షణాలు బయటపడడానికి ఏళ్ళు పట్టవచ్చు. గుడ్లు బడి దగ్గర తిన్న పచ్చి కొత్తిమీర పచ్చడి నుంచి వచ్చాయో, ఎనిమిదేళ్ళ కిందటి ప్రయాణంలో వచ్చాయో ఎవరూ చెప్పలేరు. మీ అక్కగారి పేగుల్లోనే పురుగు ఉండే అవకాశం కూడా ఉంది, శాకాహారుల్లో అది తక్కువే అయినా పరీక్షించకుండా వదలకూడదు. కనుక ఇంట్లో తినేవారందరూ, వండేవారందరూ, మీ బాబాయిగారితో సహా, వేర్వేరు రోజుల్లో మూడుసార్లు మల పరీక్ష చేయించుకోండి. గుడ్లు రోజూ పడవు కాబట్టి ఒక్క పరీక్ష చాలదు. తెల్లని రిబ్బను ముక్కల వంటివి మలంలో ఎప్పుడైనా కనిపించాయా అని కూడా అడగండి. పురుగు ఉన్నవారిలో చాలామందికి ఏ బాధా ఉండదు. ఎవరికైనా ఉంటే నిక్లోసమైడ్ అనే మందు పెద్దవారికి 2 గ్రాములు ఒక్కసారి ఇస్తారు. అది పేగుల్లోనే పనిచేసి రక్తంలోకి దాదాపు వెళ్ళదు కాబట్టి, మెదడులో బయటపడని తిత్తులు ఉన్నా వాటిని కదిలించదు. ప్రాజిక్వాంటెల్ కూడా పనిచేస్తుంది గాని, అటువంటి మనిషిలో మూర్ఛలు తెప్పించే అవకాశం ఉంది. సాయం చేసే ఆవిడకు పురుగు ఉందని తేలితే ఆ మందు ఖర్చు మీరే భరించి, వారం రోజులు జీతంతో సెలవు ఇవ్వండి. ఆమెకు కూడా అది మేలే, ఎందుకంటే తన గుడ్లు తన కడుపులోకే వెళ్ళి తిత్తులయ్యే ప్రమాదం అందరికన్నా ఆమెకే ఎక్కువ.

పిల్లలకు బడిలో ఇచ్చే 400 మిల్లీగ్రాముల ఆల్బెండజోల్ మాత్ర మామూలుగా ఇచ్చేదే. దాన్ని ఈ జబ్బుకు చికిత్సగానో, రక్షణగానో అనుకోవద్దు. తలనొప్పి, మూర్ఛ వంటివి ఉంటే మాత్రం మాత్ర వేయకముందే చూపించండి. పచ్చిగా తినే కూరగాయలను ధారగా పోసే నీటిలో బాగా రుద్ది కడగండి; ఉప్పునీటిలో నానబెట్టితే గుడ్లు చస్తాయని నమ్మవద్దు. మళ్ళీ నడక గారు చెప్పిన స్టెరాయిడు సంగతి నూటికి నూరుపాళ్ళు నిజం. ఇంటికి పంపేటప్పుడు ఏ తేదీన ఎన్ని మాత్రలో కాగితం మీద వరుసగా రాయించుకోండి, ఆ తేదీల దాకా సరిపోయే మాత్రలు ముందే కొనిపెట్టుకోండి.

ప్రశ్న అడిగినవారు: మున్నేటి ఒడ్డు

పన్నెండు రోజుల తరువాత రాస్తున్నాను. స్టెరాయిడు మొదలైన మూడో రోజు నుంచి ఆల్బెండజోల్ పూటకు 400 మిల్లీగ్రాముల చొప్పున ఇస్తున్నారు. పూటపూటా పప్పులో నెయ్యి వేసి పెడుతున్నాము. ఐదో రోజు రాత్రి ఎడమ కాలు బరువెక్కిందని అక్క చెప్పగానే శస్త్రవైద్యుడు వచ్చి చూసి, మరునాడు ఉదయానికి ఆపరేషను గది సిద్ధంగా ఉంచారు. స్టెరాయిడు పెంచాక తెల్లారేసరికి బలం తిరిగి వచ్చింది, కత్తి అవసరం కాలేదు. మూత్రం పోసిన తరువాత సంచిలో మొదట 180 మిల్లీలీటర్లు మిగిలేది, నిన్న 60కి తగ్గింది. మూడు నెలల తరువాత మళ్ళీ ఎమ్మారై తీయమన్నారు, అప్పటికి తిత్తి పూర్తిగా పోకపోతే ఏం చేయాలో అప్పుడు మాట్లాడతామన్నారు.

ఇంట్లో ఏడుగురమూ మల పరీక్షలు చేయించుకున్నాము. సాయం చేసే ఆవిడకు ఏమీ లేదు. అక్కకూ లేదు. బాబాయి మూడో నమూనా రేపు ఇస్తానన్నారు. ఈ ఉదయం అక్క వార్డు వరండాలో చివరిదాకా నడిచింది. ఎడమ చెప్పు జారబోతే తనే చూసుకొని ఆగి, కాలు సరిచేసుకొని మళ్ళీ నడిచింది. జారడం ఇంకా ఉంది. జారుతున్నట్టు మాత్రం ఈసారి ఆమెకు తెలిసింది.